ఒత్వం రాని కీబోర్డు మనకెందుకు? ఆఫీసు బల్లకు వైర్‌లెస్ కీబోర్డు ఎంపిక

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఆఫీసు కీబోర్డుకి చాకిరీ ఎక్కువ. పొద్దున్న ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో బిల్లులు ఇంగ్లీషులో, మధ్యాహ్నం తహసీల్ ఆఫీసుకి అర్జీ ఒడియాలో, సాయంత్రం విజయనగరం పార్టీకి ఉత్తరం తెలుగులో. ఇంగ్లీషు ఒక్కటే కొట్టేవాళ్ల రివ్యూలు చూసి కొంటే మన పనికి ఎక్కడో ఒకచోట తట్టుకుంటుంది. అందుకే ఇక్కడ లాజిటెక్ కె270, అదే కంపెనీ కె380, ఈమధ్య కుర్రాళ్లు మోజుపడుతున్న 60 శాతం సైజు చిన్న కీబోర్డులు, ఈ మూడింటినీ మన బల్ల మీద పెట్టి చూద్దాం.

ముందు తెలుగు సంగతి. విండోస్‌లో తెలుగు, ఒడియా భాషలు చేర్చుకుంటే వచ్చే మామూలు అమరిక ఇన్‌స్క్రిప్ట్. 1991 నాటి ఐఎస్ 13194 ప్రమాణంలో ఉన్నదే ఇది. దీని గొప్పంతా ఒకటే: తెలుగు ‘క’ ఏ కీ మీద ఉందో ఒడియా ‘క’ కూడా అదే కీ మీద ఉంటుంది. ఒక భాషలో వేళ్లు అలవాటు పడితే రెండోది సగం వచ్చేసినట్టే. విండోస్ కీ పట్టుకుని స్పేస్ నొక్కుతూ పోతే భాష మారుతుంది, అంతే.

తేడా వచ్చేది హ్రస్వ ఒకారం దగ్గర. ఇన్‌స్క్రిప్ట్‌లో తెలుగు ఒత్వం ఉండేది పై వరుసలో ఒకటి అంకెకు ఎడమ పక్కన, టాబ్ మీద ఉండే కీలో. షిఫ్ట్ పట్టుకుని అదే నొక్కితే ‘ఒ’ వస్తుంది. 60 శాతం కీబోర్డుల్లో సాధారణంగా 61 కీలే ఉంటాయి. పైన ఎఫ్ కీల వరుస ఉండదు కాబట్టి ఎస్కేప్ కీ కిందికి దిగి సరిగ్గా ఆ చోట్లో కూర్చుంటుంది. ఇక ‘కొనుగోలు’ అని కొట్టాలంటే ‘క’ తరవాత ఎఫ్ఎన్ (Fn) కీ పట్టుకుని ఎస్కేప్ నొక్కాలి, ‘ఒప్పందం’ అనాలంటే ఎఫ్ఎన్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి పట్టాలి. ఎఫ్ఎన్ సరిగా పడకపోతే అక్షరం రాదు సరికదా, ఎస్కేప్ పనిచేసి ఎదురుగా ఉన్న డైలాగు పెట్టె మూసుకుపోతుంది. ఒడియాలో హ్రస్వ ఒ లేదు గనక పక్క సీటు ఒడియా టైపిస్టుకి ఇదే కీబోర్డు హాయిగా నడుస్తుంది. ఆయన బాగుందన్నాడని మనం కొనెయ్యకూడదు. ఇంగ్లీషు స్పెల్లింగుతో ఫొనెటిక్‌లో కొట్టేవాళ్లకి మాత్రం ఈ తంటా లేదు.

కొట్లో పెట్టె విప్పించినప్పుడు నోట్‌ప్యాడ్ తెరిచి ‘కొనుగోలు’, ‘ఒప్పందం’, ‘డొంక’ కొట్టి చూడండి. ‘డ’ ఉండేది పి పక్కనున్న బ్రాకెట్ కీ మీద. కొన్ని చిన్న కీబోర్డుల్లో కుడివైపు కీలను సన్నంగా చేస్తారు, ‘డ’, ‘చ’, ‘ట’ అక్కడివే కాబట్టి చిటికెన వేలు గురి తప్పుతూ ఉంటుంది. ఎడమ షిఫ్ట్ పొడవుగా ఉండాలి. పొట్టి షిఫ్ట్, నిలువు ఎంటర్ ఉన్నది బ్రిటన్ అమరిక, వద్దు. రూపాయి గుర్తుకి కొత్త కీబోర్డేమీ అక్కర్లేదు. భాషల్లో ఇంగ్లీష్ (ఇండియా) పెట్టుకుని కుడి ఆల్ట్‌తో 4 నొక్కితే వచ్చేస్తుంది.

ఈ పరీక్షలో కె270, కె380 రెండూ పాసే. ఒత్వం కీ రెండిట్లోనూ ఉండాల్సిన చోటే ఉంది. రెండూ విడిపోయేది ట్యాలీ దగ్గర.

కె380 అందంగా ఉంటుంది, తేలిక, బ్లూటూత్‌తో మూడు యంత్రాలకి కలుస్తుంది. నంబర్ ప్యాడ్ మాత్రం లేదు. రోజుకి వందల అంకెలు కొట్టే గుమస్తాకి ఈ ఒక్క కారణం చాలు. అంతకన్నా చిక్కు ఎఫ్ కీలది. ఎఫ్1, ఎఫ్2, ఎఫ్3 మామూలుగా నొక్కితే యంత్రం మార్చే మీటలుగా పనిచేస్తాయి. ట్యాలీలో తేదీ మార్చడానికి ఎఫ్2 నొక్కుతాం కదా, నొక్కగానే కీబోర్డు కంప్యూటర్ని వదిలేసి రెండో యంత్రాన్ని వెతుక్కుంటూ పోతుంది. తెర మీద ఏదీ కదలదు. చాలామంది బ్యాటరీ అయిపోయిందనుకుని విప్పుతారు. ఎఫ్1 నొక్కితే మళ్లీ వస్తుంది. లాజిటెక్ వాళ్ల ఆప్షన్స్ సాఫ్ట్‌వేర్ వేసుకుని, ఎఫ్ కీలు మామూలుగా పనిచేసేలా మార్చుకుంటే ఎఫ్5 పేమెంటు, ఎఫ్6 రసీదు, ఎఫ్8 అమ్మకం సవ్యంగా నడుస్తాయి. ఫోను, ట్యాబు, ల్యాప్‌టాప్ మూడూ బల్ల మీద పెట్టుకుని ఉత్తరాలు రాసేవారికి ఇది మంచి కీబోర్డే. కొట్టు లెక్కలకి కాదు.

కె270 చూడ్డానికి ఏమంత గొప్పగా ఉండదు. పూర్తి సైజు, నంబర్ ప్యాడ్, ఎఫ్ కీలు ఎఫ్ కీల్లాగే పనిచేస్తాయి, పాటల బటన్లు విడిగా పైన. రెండు ట్రిపుల్ ఏ సెల్స్ వేస్తే రెండేళ్ల వరకు వస్తాయని కంపెనీ మాట. రోజంతా కొట్టే బల్ల మీద అంతకన్నా ముందే మార్చాల్సి వస్తుందనుకోండి. మొత్తమ్మీద పట్టుచీరల కొట్టుకైనా, రైసుమిల్లు ఆఫీసుకైనా మా ఓటు దీనికే. రోజంతా దస్తావేజులు కొట్టే టైపిస్టుకి మాత్రం వైర్‌లెస్సే అక్కర్లేదు. వైరున్న టీవీఎస్ గోల్డ్ లాంటి మెకానికల్ కీబోర్డు చప్పుడు చేస్తే చేసింది, వేలికి సుఖం.

కె270 డాంగిల్ రకం, అంటే యూఎస్‌బీ పోర్టుకి గుచ్చే చిన్న రిసీవరుతో కలిసేది. బ్లూటూత్ కన్నా ఇది ఎందుకు మేలంటే, పాత డెస్క్‌టాప్‌లలో చాలావాటికి బ్లూటూతే ఉండదు. ఉన్నా, విండోస్ లేచేదాకా చాలా కంప్యూటర్లలో ఆ కీబోర్డు పనిచేయదు. బయోస్‌లోకి (విండోస్ లేవకముందు వచ్చే సెట్టింగుల తెరలోకి) వెళ్లాల్సి వస్తే వైరు కీబోర్డు అరువు తెచ్చుకోవాలి. డాంగిల్ రకానికి ఆ బాధ లేదు.

డాంగిల్‌కీ దాని రోగం దానికుంది. కీబోర్డు పాడైందని వెనక్కిచ్చే వాటిలో కొన్ని నిజంగా పాడైనవి కావు, డాంగిల్ పెట్టిన చోటు తప్పు. స్టీలు టేబులు కింద సీపీయూ, దాని వెనక నీలం రంగు యూఎస్‌బీ 3 పోర్టులో డాంగిల్, పక్కనే బ్యాకప్ హార్డ్‌డిస్క్. యూఎస్‌బీ 3 నడిచేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ పరిధిలో రొద పుడుతుందని ఇంటెల్ 2012లోనే చెప్పింది. డాంగిల్, వైఫై రెండూ ఆ పరిధిలోవే. పైగా మధ్యలో ఇనుప బల్ల అడ్డం. వేలు ఎత్తినట్టు కీబోర్డు పంపే కబురు దారిలో పోతే కంప్యూటరు ఆ కీ ఇంకా నొక్కే ఉందనుకుని ‘కకకకక’ అని వరసగా వేసేస్తుంది. నొక్కిన కబురు పోతే అక్షరమే పడదు. మందు చవకే: చిన్న యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరు ఒకటి కొని, నల్ల రంగు యూఎస్‌బీ 2 పోర్టుకి తగిలించి, డాంగిల్‌ని బల్ల మీదకి, కీబోర్డుకి మూరెడు దూరంలోకి తెచ్చుకోండి.

అది చేసినా అక్షరాలు మింగుతుంటే అప్పుడు సెల్స్ చూడండి. ఆల్కలైన్ వేయండి. గడియారాలకి వేసే చవక రకం త్వరగా దిగిపోతుంది, కారుతుంది కూడా. చార్జింగ్ సెల్స్ వోల్టేజి 1.5 కాదు, 1.2, కాబట్టి కొన్ని కీబోర్డుల్లో నిండుగా ఉన్నా బ్యాటరీ దీపం ముందే హెచ్చరిస్తుంది, కంగారు పడొద్దు. గోపాలపురం, ఛత్రపురం వైపు ఉప్పుగాలికి సెల్ తగిలే స్ప్రింగు మీద తొందరగా పొరలు కడతాయి. దసరాకి నాలుగు రోజులు మూసేటప్పుడు సెల్స్ తీసేయడం మంచిది. ఆల్కలైన్ సెల్ కారి తెల్లగా పేరుకుంటే దూదిపుల్లకి రెండు చుక్కల వెనిగర్ అద్ది తుడిచి, తడి పూర్తిగా ఆరాక కొత్తవి వేయండి.

చాలా వైర్‌లెస్ కీబోర్డులకి నమ్‌లాక్ దీపం ఉండదు. బ్యాటరీ ఆదా కోసం తీసేస్తారు. అంకె నొక్కితే కర్సరు పరుగెడుతోందంటే నమ్‌లాక్ పోయిందని అర్థం.

జనసేవా కేంద్రాలు నడిపేవారు ఇంకోటి చూసుకోవాలి. కీబోర్డు, మౌసు కలిపి అమ్మే ఊరూపేరూ లేని చవక కాంబోలు వద్దు. 2016లో బాస్టిల్ అనే అమెరికా భద్రతా సంస్థ పరీక్షిస్తే, ఎనిమిది కంపెనీల చవక కీబోర్డులు నొక్కిన అక్షరాలను ఏ తాళమూ లేకుండా గాల్లోకి వదులుతున్నాయని తేలింది, 250 అడుగుల దూరం నుంచి కూడా వినొచ్చట. ఆధార్ నంబర్లు, బ్యాంకు పాస్‌వర్డులు కొట్టే బల్ల అది. పెట్టె మీద 128 బిట్ ఏఈఎస్ (అక్షరాలకి వేసే ఆ తాళం పేరు) అని ఉందో లేదో చూడండి.

లాజిటెక్ డాంగిల్ మీద నారింజ రంగు నక్షత్రం లాంటి గుర్తుంటే అది యూనిఫయింగ్ రకం, ఒక్కదానికే ఆరు పరికరాల దాకా కలుస్తాయి, పోతే విడిగా ఇంకోటి కొని జత చేసుకోవచ్చు. గుర్తు లేని మామూలు డాంగిల్ పోతే కీబోర్డు కూడా పోయినట్టే. మౌసుతో కలిపి అమ్మే కాంబో పెట్టెల్లో ఈ మామూలు రకం రావచ్చు, కాబట్టి డబ్బు కట్టేముందు డాంగిల్ బయటికి తీయించి చూడండి. విడిగా కొనేటప్పుడు 2021లో వచ్చిన బోల్ట్ డాంగిల్ అంటగడితే తీసుకోవద్దు, యూనిఫయింగ్ కీబోర్డుకి అది పలకదు.