గాజు మూత కోహిబా పెట్టె కొనకండి – గుంటూరు, బెజవాడ వాళ్లకు హెచ్చరిక

కోహిబా అంటే క్యూబా చుట్టల్లో పేరున్న ఖరీదైన బ్రాండు. పైన గాజు మూత ఉన్న కోహిబా పెట్టె ఎవరు ఎంత తక్కువకి ఇస్తామన్నా వద్దనండి. క్యూబా వాళ్లు కోహిబాని గాజు మూత పెట్టెలో ఎప్పుడూ అమ్మలేదు. నకిలీ అని నుదుటి మీద రాసుకుని తిరుగుతున్నట్టే, అయినా జనం కొంటూనే ఉన్నారు. మెక్సికోలోని కాన్‌కూన్, డొమినికన్ రిపబ్లిక్‌లోని పుంటకానా బీచ్‌ల్లో "మా బావ ఫ్యాక్టరీలో పని చేస్తాడు" అంటూ అంటగట్టే సరుకు ఇదే. అమెరికాలో ఉండే పిల్లలు సెలవులకి వెళ్లి నాన్నకో మావయ్యకో అని 25 చుట్టల పెట్టె వంద డాలర్లకే తెస్తున్నారు. 2022లో కోహిబా ధరలు బాగా పెరిగాక ఆ డబ్బుకి అసలైన కోహిబా రోబుస్టోలు (పొట్టిగా, లావుగా ఉండే రకం) రెండు రావడం కూడా కష్టం.

పొగాకు బోర్డు ఉన్న ఊరు మనది, ఆకు మనకు తెలియదా అనే ధీమా ఇక్కడ పనికిరాదు. మనం ఎరిగింది బ్యారన్‌లో, అంటే పొగాకు ఆరబెట్టే గదిలో, వేడికి క్యూరింగ్ చేసిన వర్జీనియా. చుట్ట ఆకుని నీడన గాలికి ఆరబెట్టి, గుట్టలు వేసి మాగబెడతారు. మన రంగు లెక్క, వాసన లెక్క దానికి పనిచేయవు. పైగా నకిలీలో కూడా పైఆకు నున్నగానే ఉంటుంది. మోసమంతా లోపలే.

అందుకే అంటించే కొస చూడండి. అసలు చుట్టలో ఈ కొస నుంచి ఆ కొస దాకా సాగిన పొడుగు ఆకులు మడతలు పడి కనిపిస్తాయి. నకిలీలో తుక్కు. అనుమానం తీరకపోతే ఒకటి పోతే పోయిందని బ్లేడుతో నిలువునా చీల్చండి: ముక్కలు, ఈనెలు, పొడి జలజలా రాలితే ఇక మిగతావి చూడక్కర్లేదు. అలాంటిది కాలిస్తే వేడిగా, ఒక పక్కకే మండుతుంది, నోట్లోకి ముక్కలొస్తాయి.

పెట్టె అడుగున "తోతాల్మెంతె ఆ మానో" (పూర్తిగా చేత్తో చుట్టింది) అనే స్పానిష్ మాట చెక్కలోకి కాల్చి వేసి ఉండాలి. ఫ్యాక్టరీ కోడు, నెల, సంవత్సరం మాత్రం సిరా ముద్ర. నెల పేరు స్పానిష్‌లో పొట్టిగా ఉంటుంది: జనవరికి ఎనే, ఆగస్టుకి ఆగో. ఇంగ్లీషు నెల కనిపిస్తే పక్కన పెట్టేయండి. లోపల చుట్టలు ఎడమ నుంచి కుడికి ముదురు నుంచి లేతకి పేర్చి ఉంటాయి, తేడా కంటికి ఆనీ ఆననంతే. ఒకటి నల్లగా, పక్కది గోధుమ రంగులో ఉంటే అది ఏరి పేర్చిన పెట్టె కాదు. పచ్చ వారంటీ సీలునీ, దాని మీది హోలోగ్రామునీ చూసి మాత్రం నమ్మేయకండి, వాటినీ అచ్చేస్తున్నారు.

నల్ల పట్టీ మీద ఎర్ర చుక్క ఉన్న కోహిబా సంగతి వేరు. అది డొమినికన్ రిపబ్లిక్ సరుకు, అమెరికా షాపుల్లో చట్టప్రకారం అమ్మేదే. నకిలీ కాదు, క్యూబాదీ కాదు.

రుచి చూడాలనుకుంటే పెట్టె ఎందుకసలు? లా కాసా దెల్ హబానో పేరున్న అధీకృత షాపులో విడిగా ఒకటి రెండు తీసుకుని బిల్లు అడగండి. మొదటిసారైతే హోయో దె మోంతెర్రే ఎపిక్యూర్ నంబర్ 2 అనే మరో క్యూబా చుట్ట నయం. పార్తగాస్ సెరీ డి నంబర్ 4 కూడా అదే కొలత, 124 మి.మీ. పొడవు, 50 రింగు, అంటే దాదాపు 20 మి.మీ. లావు, కానీ ఘాటు చాలా ఎక్కువ, ఖాళీ కడుపుతో తల తిరుగుతుంది.

కస్టమ్స్ దగ్గరా దెబ్బ తినొద్దు. 2020 సెప్టెంబరు నుంచి క్యూబా చుట్టలు, మెక్సికోలో కొన్నవైనా సరే, అమెరికాలోకి తేకూడదు, లాగేసుకుంటారు. సింగపూర్లో దిగితే పొగాకుకి సుంకం మినహాయింపే లేదు, ఒక్క చుట్టయినా చెప్పాల్సిందే. మన దేశంలోకి సుంకం లేకుండా తెచ్చుకోగలిగేది 25 చుట్టలు, లేదా 100 సిగరెట్లు, లేదా 125 గ్రాముల పొగాకు. మూడింట్లో ఏదో ఒకటే.

ఇంటికొచ్చాక మన ఎండల్లో అల్మరాలో పెట్టేయకండి. పాతిక డిగ్రీలు దాటితే ఆకులో ఉన్న పెంకు పురుగు గుడ్లు పొదుగుతాయి. గాలి చొరని కవర్లో మూడు రోజులు ఫ్రీజర్లో, తర్వాత ఒక రోజు కింద ఫ్రిజ్‌లో ఉంచి బయటికి తీయండి, నేరుగా తీస్తే పైఆకు పగులుతుంది. ఆ తర్వాత బిగుతు మూత డబ్బాలో 65 లేదా 69 శాతం తేమ ప్యాకెట్ వేసి చల్లటి చోట పెట్టండి. చుట్ట మీద సూది బెజ్జాలు, కింద సన్నటి పొడి కనిపిస్తే దాన్ని వెంటనే వేరు చేసి, మిగతావన్నీ మళ్లీ ఫ్రీజర్లో పెట్టండి.