గుర్రాల సంరక్షణ పేరిట అమ్మే లాడాలు కొనేవారికి హెచ్చరిక

గుర్రపు స్వారీ పోటీలు చూడడానికి వెళ్ళి, అక్కడి స్టాళ్ళలో ముసలి గుర్రాల సంరక్షణ కోసమంటూ అమ్మే వస్తువులు కొనేవారందరూ జాగ్రత్తపడాలని నా అనుభవాన్ని రాస్తున్నాను.

ప్రవేశద్వారం పక్కనున్న స్టాల్‌లో, కాపాడిన గుర్రాలు తొడిగిన లాడాలని చెప్పి రిబ్బను కట్టి అమ్ముతున్నారు. వచ్చిన సొమ్మంతా ఒక సంరక్షణ సంస్థకే చేరుతుందన్న బ్యానరు చూసి రెండు కొన్నాను. రసీదు అడిగితే పుస్తకం అయిపోయిందన్నారు. ఫోన్‌లో డబ్బు పంపేటప్పుడు సంస్థ పేరుకు బదులు ఎవరో వ్యక్తి పేరు కనిపించినా, వెనుక జనం నిలబడి ఉన్నారన్న తొందరలో పట్టించుకోలేదు. నేను ఆగవలసింది అక్కడే.

ఇంటికి వచ్చి లాడాన్ని తిప్పి చూశాక అనుమానం కలిగింది. వాడిన లాడం ముందు భాగంలో, అంటే గిట్ట నేలను విడిచేచోట, అరిగి పలుచబడుతుంది. నా చేతిలోనిది ఈ చివర నుంచి ఆ చివరి వరకు ఒకే మందంగా ఉంది, రంధ్రాలలో మేకు దిగిన జాడే లేదు. లాడాలు కొట్టే వృత్తిలో ఉన్న పరిచయస్థుడు దానిని చూడగానే, ఇది ఏ గిట్టకూ ఎక్కని కొత్త సరుకని చెప్పారు. బ్యానరు మీదున్న సంస్థకు రాస్తే, తాము ఎవరికీ అనుమతి ఇవ్వలేదని, తమకు డబ్బేమీ అందలేదని బదులిచ్చారు. పోటీల నిర్వాహకులేమో స్థలం అద్దెకివ్వడం వరకే తమ పని అన్నారు. ఆ మాటను నేను ఒప్పుకోను. తమ మైదానంలో విరాళాల పేరిట అమ్మకం సాగుతున్నప్పుడు సంస్థ ఇచ్చిన అనుమతి పత్రాన్ని అడిగి చూడవలసిన బాధ్యత వారిదే.

గుర్రం 25 నుంచి 30 ఏళ్ళు బతుకుతుంది, పందేలలో పరుగెత్తేది అందులో కొన్నేళ్ళే. ఆ తరువాత కూడా 500 కిలోల గుర్రానికి రోజుకు 8 నుంచి 10 కిలోల ఎండుమేత కావాలి, 6 నుంచి 8 వారాలకోసారి గిట్టలు చెక్కించాలి. ఆ మేతకు వెళ్ళవలసిన డబ్బు ఇలా దారి మళ్ళిందన్నదే నా బాధ.

కనుక కొనే ముందు సంస్థ రిజిస్ట్రేషన్ నంబరు అడిగి అక్కడే ఫోన్‌లో సరిచూడండి. హుండీకి సీలు, దాని మీద సంస్థ పేరు ఉన్నాయేమో గమనించండి. 'లాభంలో కొంత భాగం' అని రాసి ఉంటే ఎంత భాగమో అడగండి, సూటిగా చెప్పకపోతే కొనకండి. ఇప్పటికే ఇలా కొన్నవారు చెల్లింపు వివరాలను, స్టాల్ ఫొటో ఉంటే దానిని భద్రపరచి, ఏ సంస్థ పేరు వాడారో ఆ సంస్థకు వెంటనే పంపండి. నా ఫిర్యాదుకు వారు ముందుగా అడిగిన ఆధారాలు ఇవే.