లాటరీకి 190 పౌండ్లు: సెయింట్ ఆండ్రూస్‌లో మా గోల్ఫ్ యాత్ర

ముందే చెప్పేస్తున్నా. స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ ఊళ్లో ఓల్డ్ కోర్సనే పేరున్న గోల్ఫ్ మైదానం ఉంది. అందులో ఆడాలంటే ఒక దారి బ్యాలెట్‌లో, అంటే ఆడే వంతు కోసం తీసే లాటరీలో, పేరు వేయడం. పేరు వేయడానికి పైసా కట్టక్కర్లేదు. మేం కట్టాం. మనిషికి 95 పౌండ్ల లెక్కన, నాకూ మా బావగారికీ కలిపి 190. 2024 జూలై యాత్రలో ఇప్పటికీ అరగనిది అదొక్కటే.

తప్పు బావదే అని అక్క అంటుంది. ‘‘అంత పేరున్న కోర్సు, మధ్యలో ఎవరూ లేకుండా మనల్ని రానిస్తారటోయ్?’’ అని ఆయన ఒక ఏజెంటును పట్టుకున్నారు. ఏజెంటు రసీదులో ‘బ్యాలెట్ రిజిస్ట్రేషన్’ అని రాశాడు. అక్కడికెళ్లి కౌంటర్లో ఆ రసీదు చూపిస్తే, ఆ అమ్మాయి రెండుసార్లు చదివి, ‘‘దీనికి ఫీజు లేదే!’’ అంది. ఆడే రోజుకు రెండు రోజుల ముందు, మధ్యాహ్నం 2 గంటల్లోపు, ఇద్దరి నుంచి నలుగురి దాకా పేర్లివ్వాలి. ఆ తర్వాత డ్రా తీస్తారు. డ్రాలో ఏజెంటు పలుకుబడి ఏం పనిచేస్తుంది?

శుక్రవారం అంతకన్నా ఘోరం. ఏజెంటు జాబితాలో ఒక ప్రైవేటు క్లబ్ ఉంది, పక్కన ‘విజిటర్లకు ప్రవేశం’ అని రాసి ఉంది. టాక్సీకి 38 పౌండ్లు పోసి వెళ్లాం. బయటివాళ్లకు వారంలో రెండు రోజులే, అదీ ముందే రాసి ఒప్పించుకుంటేనే అన్నారు. బావ మెయిల్ ప్రింటు చూపించారు. ఆఫీసులో పెద్దమనిషి దాన్ని రెండు వేళ్లతో అంచు పట్టుకుని చదివి, ‘‘ఇది మేం పంపింది కాదు’’ అని తిరిగిచ్చేశాడు. అక్క బాత్రూమ్ అడిగితే కాసేపు ఆలోచించి, వంటగది వెనక పనివాళ్లది చూపించాడు. నేల వాళ్లది, రూలు వాళ్లది, రానివ్వకపోతే నాకేం అభ్యంతరం లేదు. ఆ వంటగది దారే ఇప్పటికీ గుచ్చుకుంటోంది. తిరుగు టాక్సీలో బావ కిటికీలోంచి బయటకే చూస్తూ కూర్చున్నారు. అక్క మాట్లాడలేదు, మాట్లాడకపోవడమే మాట్లాడటం.

ఆదివారం పొద్దున ఆ ముడి కాస్త వీడింది. ఆ రోజు ఓల్డ్ కోర్సులో మామూలుగా ఆట ఉండదు. ఎవరైనా నడవచ్చు. కుక్కల్ని తిప్పేవాళ్లు, పిల్లల బండ్లు తోసేవాళ్లు, కోర్సులోని స్విల్కన్ అనే చిన్న రాతి వంతెన మీద ఫొటో కోసం వరుస కట్టినవాళ్లు. మొదటి టీ (ఆట మొదలుపెట్టే చోటు) వెనక రాయల్ అండ్ ఏన్షియెంట్ అనే గోల్ఫ్ క్లబ్ రాతి భవనం చూసి, కోర్సంతా వాళ్లదే అనుకున్నాం. కాదట. భవనం వాళ్లది, గడ్డి ఊరిది. 1894లో టౌన్ కౌన్సిల్ ఈ నేలను కొనుక్కుంది. 1974 చట్టం తర్వాత ఒక ట్రస్టు చూసుకుంటోంది, ఇప్పుడు ఆ ట్రస్టు కింద ఏడు కోర్సులున్నాయి. ఆట ఉన్న రోజుల్లో కూడా మొదటి, చివరి హోళ్ల (ఒక్కో గుంత దాకా బంతి కొట్టుకుంటూ వెళ్లే మైదానం ముక్కల) మీదుగా ఒక చిన్న రోడ్డు అడ్డంగా పోతుంది. సంచులు పట్టుకుని జనం దాటుతుంటే, ఆడేవాళ్లు కర్ర ఆనించుకుని ఆగుతారు. నాకు ఆ దృశ్యం కోర్సు కన్నా నచ్చింది.

డ్రాలో రెండుసార్లు మా పేరు రాలేదు. మూడోసారి తగిలింది, బుధవారం సాయంత్రం. గ్రీన్ ఫీజు, అంటే ఆడటానికి కట్టేది, అప్పుడు మనిషికి 320 పౌండ్లు. బ్యాలెట్‌కి కనీసం ఇద్దరుండాలి కాబట్టి నేనూ కట్టక తప్పలేదు. ఆట గురించి చెప్పుకోవడానికి ఏం లేదు. 17వ హోల్లో బంకర్లోంచి, అంటే ఇసుక గుంటలోంచి, బయటపడటానికి నాకు ఐదు దెబ్బలు పట్టాయి. బావ మాత్రం ఫోన్ తియ్యలేదు, నవ్వలేదు, గుళ్లో నడిచినట్టు నడిచారు.

అక్కకు నచ్చింది హిమాలయాస్. పేరు చూసి కొండనుకోకండి. ఎత్తుపల్లాలున్న పటింగ్ గ్రీన్ (బంతిని మెల్లగా నెట్టి గుంతలో వేసే గడ్డి నేల), 1867లో మొదలైన మహిళల క్లబ్‌ది. క్లబ్ వాళ్లదైనా మామూలు జనానికీ తలుపు తెరిచే ఉంటుంది. ఓల్డ్ కోర్సు ఫీజులో పదో వంతు కూడా ఖర్చు కాదు. అక్క మా ఇద్దరినీ చిత్తుగా ఓడించింది. ‘‘ముందే ఇక్కడికి తీసుకొచ్చుంటే శుక్రవారం బతికిపోయేది’’ అంది.

తిరుగు ప్రయాణంలో ఎడిన్‌బరాలో బ్రంట్స్‌ఫీల్డ్ లింక్స్‌కి వెళ్లండి. ఊరి మధ్య పార్కు, చిన్న చిన్న హోళ్లు, ఫీజు లేదు. మేం వెళ్లేసరికి ముగ్గురు కుర్రాళ్లు ఒకే కర్రతో వంతులేసుకుని ఆడుతున్నారు. బావ తన కర్రల్లోంచి ఒకటి తీసి వాళ్లకిచ్చి, పక్కనే బెంచీ మీద కూర్చున్నారు. ఏజెంటుకు రాసిన మెయిల్‌కి అప్పుడే జవాబొచ్చింది: ‘సేవా రుసుము వాపసు ఇవ్వబడదు.’