ఆదివారం పొద్దున టేబుల్: ఆన్‌లైన్‌లో డంజియన్స్ అండ్ డ్రాగన్స్ చాన్నాళ్లు ఆడాక నా రివ్యూ

డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అంటే తలా ఒక పాత్ర తీసుకుని, డైస్ వేస్తూ, మాటలతోనే కథ నడిపించే ఆట. మాది తిరుపతి. కొన్నేళ్లుగా ప్రతి ఆదివారం పొద్దున ఎనిమిదింటికి ఆడుతున్నాం. మ్యాపులు, డైస్ రోల్20 అనే సైట్‌లో, మాటలు డిస్కార్డ్ అనే వాయిస్ చాట్ యాప్‌లో. కొత్తగా ఆడాలనుకునేవాళ్లందరూ ఏ యాప్ మంచిదని అడుగుతారు. ఏదైనా నడుస్తుంది. టేబుల్ (అంటే కలిసి ఆడే గుంపు) నిలబడేది మాత్రం, తన వంతు రానప్పుడు ఆటగాడు ఏం చేస్తున్నాడన్న దాని మీదే.

డబ్బు సంగతి తొందరగా చెప్పేస్తా. రోల్20లో ఉచిత అకౌంట్‌తోనే ఆడొచ్చు. ఫౌండ్రీ అనే ఇంకో ప్రోగ్రామ్ అయితే కథ చెబుతూ ఆట నడిపే జీఎం (గేమ్ మాస్టర్) ఒక్కరు కొంటే చాలు, మిగతావాళ్లు బ్రౌజర్లోనే చేరిపోవచ్చు. ఈ ఆట ఐదో ఎడిషన్ మూల నియమాలు 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ (ఎవరైనా ఉచితంగా వాడుకోగల లైసెన్సు) కిందికి వచ్చాయి కాబట్టి మొదట్లోనే పుస్తకాలు కొనక్కర్లేదు. కాస్త మంచి హెడ్‌సెట్ మాత్రం కొనండి. ఇంట్లో మిక్సీ, టీవీ మోతలు అందరి చెవుల్లో పడకుండా పుష్ టు టాక్ (బటన్ నొక్కితేనే మైక్ పనిచేసే సెట్టింగ్) పెట్టుకోండి.

ఇక అసలు విషయం. ఐదో ఎడిషన్‌లో యుద్ధంలో ఒక రౌండ్ (అందరికీ తలా ఒక వంతు) అంటే కథలో ఆరు సెకన్లు. ఐదుగురు ఆటగాళ్లు తలా మూడు నిమిషాలు తీసుకుంటే ఆ ఆరు సెకన్లకు పావుగంట పడుతుంది. "ఆఁ, నా వంతా? ఏం జరిగింది?" అని ఒకరు అడిగితే ఇంకో రెండు నిమిషాలు పోతాయి. వేరే ట్యాబ్‌లో క్రికెట్ స్కోరు చూస్తున్నారని గొంతు వింటేనే తెలిసిపోతుంది. మీ ముందున్న ఆటగాడి వంతు నడుస్తుండగానే మీ స్పెల్ (మంత్రం) వివరం తెరిచి పెట్టుకోండి, ఏం చేయాలో రెండు దారులు ఆలోచించుకోండి. ఒక్క ఈ అలవాటుతో మా టేబుల్లో యుద్ధాలు సగం సేపట్లో అయిపోతున్నాయి.

ఆటలో పాల్గొనడమంటే ఎక్కువ మాట్లాడటమని చాలామంది అనుకుంటారు. మా టేబుల్లో చిత్తూరు నుంచి ఒకమ్మాయి ఆడుతుంది. ఉండేది హాస్టల్లో, ఆ టైముకి రూమ్మేట్లు ఇంకా నిద్రలో ఉంటారు. మైక్ ఆన్ చేయడానికి వీలుండదు, అంతా చాట్‌లో టైప్ చేస్తుంది. ఒకసారి గుహలో మేం నలుగురం పెట్టె తెరవాలా వద్దా అని గట్టిగా వాదించుకుంటున్నాం. చాట్‌లో ఒక్క లైను వచ్చింది: "నేను దివిటీ తీసుకుని వెనక్కి వెళ్తున్నా. ఇందాక రోగ్ అన్నకి వినపడిన చప్పుడేందో చూస్తా." ఆ చప్పుడు సంగతి మా రోగ్ (దొంగ పాత్ర ఆడే అతను) గంట కిందట చెప్పాడు, మేమందరం మరిచిపోయాం. "అది గుర్తు పెట్టుకున్నావా చెల్లీ!" అని అతను ఎంత సంబరపడ్డాడో! ఆరోజు కథ మొత్తం అటే తిరిగింది. నేను చూసినవాళ్లలో గొప్ప ప్లేయర్ తనే. అప్పటినుంచి మా జీఎం సీను మార్చే ముందు చాట్ పైకి చదువుతాడు. ప్రతి టేబుల్లో ఈ పద్ధతి ఉండాలి. లేకపోతే గొంతు పెద్దదున్నవాళ్లదే ఆట అయిపోతుంది.

నన్ను బాగా బాధపెట్టేది "నా క్యారెక్టర్ అంతే" అనే మాట. తోటి ఆటగాడి సామాను దొంగిలించి, ఆడపాత్రల మీద పిచ్చి మాటలు మాట్లాడి, అడిగితే ఇదే జవాబు. మా ఊరి గంగజాతరలో వేషం కట్టినవాళ్లు తిట్టినా ఎవరూ తప్పు పట్టరు. ఊరంతా తరతరాలుగా ఒప్పుకున్న ఆచారం అది, వేషం విప్పితే తిట్లూ అయిపోతాయి. మన టేబుల్లో అలాంటి ఒప్పందం ఎవరూ చేసుకోలేదు కదా! ఆ ఒప్పందం కోసమే సెషన్ జీరో. కథలో ఏవి వద్దో ఆడకముందే మాట్లాడుకోవాలి. జాన్ స్టావ్రోపౌలోస్ రూపొందించిన ఎక్స్-కార్డ్ పద్ధతి ఆన్‌లైన్‌లో ఇంకా సులువు. ఇబ్బందిగా ఉంటే చాట్‌లో 'ఎక్స్' కొడితే చాలు, కారణం అడక్కుండా ఆ సీను ఆపేయాలి.

రాలేకపోవడం తప్పేం కాదు. తిరుపతిలో ఇల్లుందంటే దర్శనానికి చుట్టాలు దిగుతూనే ఉంటారు, బ్రహ్మోత్సవాలప్పుడైతే చెప్పనే అక్కర్లేదు. శుక్రవారం రాత్రికల్లా ఒక్క మెసేజ్ పెడితే జీఎం కథను దానికి తగ్గట్టు సర్దుకుంటాడు. చెప్పకుండా మానేస్తే మాత్రం అతని వారం రోజుల శ్రమ వృథా. డల్లాస్‌లో ఉన్న తమ్ముడికి మన ఎనిమిదంటే అక్కడ శనివారం రాత్రి తొమ్మిదిన్నర, నవంబర్లో వాళ్ల గడియారాలు మారాక ఎనిమిదిన్నర. విదేశాల్లో ఆటగాళ్లుంటే మార్చి, నవంబర్ నెలల్లో టైము మళ్లీ ఒకసారి అడిగి రాసుకోండి.

కొత్తవాళ్లు ఏళ్ల తరబడి సాగే క్యాంపెయిన్‌లో ఒకేసారి చేరొద్దు. ఒక్క పూటలో ముగిసే వన్-షాట్ ఆడి చూడండి. ఆ మూడు నాలుగు గంటల్లో మీ పాత్రను పేరుపెట్టి పిలిచి "నువ్వేం చేస్తావ్?" అని తోటి ఆటగాళ్లలో ఒక్కరైనా అడిగితే అక్కడే ఉండిపోండి. ఎవరూ అడగలేదంటే వేరే టేబుల్ వెతుక్కోండి.