రదులెస్కు సంగీతంతో ఎనిమిదేళ్లు

రొమేనియా స్వరకర్త హొరాట్సియు రదులెస్కు సంగీతాన్ని మొదటిసారి పది నిమిషాలకే ఆపేశాను. పట్టుకుందామంటే బాణీ లేదు, తాళం లేదు. రేకు మీద రేకు రాస్తున్నట్టు ఒకటే కీచు. మూడేళ్లు మళ్లీ దాని జోలికి పోలేదు.

తిరిగి దాని దగ్గరికి నన్ను తెచ్చింది తంబురా. మా పిన్ని పాఠం చెప్పేటప్పుడు మీటే తంబురాలో పంచమం, షడ్జమాలు తప్ప వేరే తీగ లేదు. అయినా శ్రుతి బాగా కుదిరిన రోజున పైన సన్నగా గాంధారం మోగేది. "అది స్వయంభువు, ఎవరూ మీటరు" అనేది పిన్ని. రదులెస్కు జీవితమంతా ఆ స్వయంభువుల వెంటే నడిచారు. ఆధారస్వరానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతల వేగంతో కంపించే అనుస్వరాలే ఆయన సంగీతానికి ముడిసరుకు.

1942లో బుకారెస్టులో పుట్టి, అక్కడే స్టెఫాన్ నికులెస్కు, ఔరెల్ స్ట్రోయె వంటివారి వద్ద చదువుకుని, 1969లో పారిస్ చేరారు. తొమ్మిది చెల్లోల (వయొలిన్ జాతికే చెందిన పెద్ద వాద్యాల) 'క్రెడో' ఆ ఏటిదే. ఇలా స్వరంలోని అనుస్వరాల నుంచే అల్లే సంగీతాన్ని స్పెక్ట్రల్ సంగీతం అంటారు. ఆ మాట అనగానే అందరూ తలచుకునే ఫ్రెంచ్ స్వరకర్తలు జెరార్ గ్రిజే, ట్రిస్టాన్ మురాయ్‌ల ప్రసిద్ధ రచనలు ఆ తర్వాత వచ్చినవే. రదులెస్కు పేరు మాత్రం చాలా తక్కువ మందికి తెలుసు. అది నాకు బాధ కలిగించే విషయం. 2008లో కన్నుమూశారు.

నేను ఎక్కువగా విన్నది 1976–87 మధ్య రాసిన నాలుగో స్ట్రింగ్ క్వార్టెట్, ఆర్డిటి బృందం వాయించినది. క్వార్టెట్ అంటే రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో. మధ్యలో ఒక క్వార్టెట్, చుట్టూ మరో ఎనిమిది. చుట్టూ ఉన్న ఆ 128 తీగలనూ మామూలు శ్రుతి వదిలేసి, ఒకే ఆధారస్వరపు అనుస్వరాలకు బిగిస్తారు. దాదాపు 50 నిమిషాల రచన. మొదట అంతా ఒకే రొదలా ఉంటుంది. చెవి కుదురుకున్నాక, కమాను కాస్త జరిగినప్పుడల్లా అదే స్వరంలోంచి మరో స్వరం తొంగిచూడటం తెలుస్తుంది. ఒక రాత్రి ఎక్కడో పిల్లనగ్రోవి వినిపించిందనుకుని హెడ్‌ఫోన్లు తీశాను. ఇల్లంతా నిశ్శబ్దం. అది ఆ తీగల్లోంచి వచ్చిందే.

లోపం ఉంది, అది రికార్డింగుల లోపం. వినేవారిని చుట్టుముట్టాల్సిన సంగీతాన్ని రెండు స్పీకర్లు చదును చేసేస్తాయి. ఫోను స్పీకరులోనైతే అసలు వినవద్దు, మిగిలేది నేను మొదట విన్న కీచే. గ్రాండ్ పియానోను పక్కకు నిలబెట్టి, తీగలను కమానుతో లాగినట్టు మోగించే ఆయన 'సౌండ్ ఐకాన్'ను ఎదురుగా కూర్చుని వినాలని నాకు ఎంతో కోరిక.

కొత్తవారు ఓర్ట్విన్ స్టుర్మర్ వాయించిన పియానో సొనాటాలతో మొదలుపెట్టవచ్చు. వాటి పేర్లు ప్రాచీన చైనా తత్వవేత్త లావోజు మాటలు, లోపల రొమేనియా జానపద బాణీలు గంటల్లా మోగుతాయి. వెంటనే మనసుకు పడతాయి. అయితే పియానో మెట్లలో నిజమైన అనుస్వరాలు ఇమడవు. పియానో గాంధారం మా పిన్ని తంబురా గాంధారం కంటే 14 సెంట్లు ఎక్కువ పలుకుతుంది, అంటే అర స్వరంలో ఏడో వంతు. అందుకే నేను సొనాటాలు విన్న రోజున కూడా చివరికి క్వార్టెట్ పెట్టుకునే పడుకుంటాను.