మూడు ఫెరారీ 250 జీటీఓలు: ఏది మేలు?

స్థలం కొనేముందు మనం మట్టిని కాదు, లింకు డాక్యుమెంట్లను చూస్తాం. ఎవరి నుంచి ఎవరికి వచ్చింది, మధ్యలో తగాదా ఏమైనా ఉందా, హద్దులు మారాయా అని ఆరా తీస్తాం. పాత ఇటాలియన్ రేసు కార్ల సంగతీ అంతే. ఇనుముకూ అల్యూమినియంకూ ఎవరూ వందల కోట్లు ఇవ్వరు. చాసిస్ మీద కొట్టిన నాలుగంకెల నంబరుకు, ఆ నంబరు వెంట నడిచొచ్చిన కథకు ఇస్తారు.

1962 నుంచి 1964 వరకు ఫెరారీ సంస్థ 250 జీటీఓ అనే రేసు కార్లను, క్లుప్తంగా జీటీఓలను, 36 మాత్రమే తయారు చేసింది. వాటిలో 3851, 3413, 4153 నంబర్ల కార్లను ఇక్కడ పక్కపక్కన పెడుతున్నాను. ఇంజను మూడింటికీ ఒకటే: మూడు లీటర్ల వీ12, ఆరు వెబర్ కార్బ్యురేటర్లు, సుమారు 300 హార్స్‌పవర్. లోపల విలాసం మచ్చుకైనా కనిపించదు. సీట్లకు నీలం బట్ట, గేరు కర్ర కదలడానికి గాళ్లు కోసిన లోహపు పలక, ఇంజను చుట్లు చూపే పెద్ద మీటరు. స్పీడోమీటరు అసలే లేదు. రేసులో ఎంత వేగంతో పోతున్నామో పక్క కారును దాటినప్పుడు ఎలాగూ తెలుస్తుంది కదా! అమెరికాలో కొత్త కారు ధర 18,000 డాలర్లు. అయితే డబ్బుంటే సరిపోదు, కొనేవారు ఎంజో ఫెరారీకి నచ్చాలి.

యంత్రంలో ఇంత పోలిక ఉన్నప్పుడు ఇక తేడా చూడాల్సింది ఎవరు నడిపారు, ఎవరు ఉంచుకున్నారు అన్న దగ్గరే.

3851ని 1962 సెప్టెంబరులో ఫ్రెంచ్ డ్రైవర్ జో ష్లెసర్ తీసుకున్నాడు. కొన్ని రోజుల్లోనే టూర్ ద ఫ్రాన్స్ మోటారు పోటీకి వెళ్లింది. అది ఒక్క ట్రాకు మీద జరిగే రేసు కాదు. రోజుల తరబడి దేశమంతా తిరుగుతూ, మధ్య మధ్య ట్రాకు రేసుల్లోనూ కొండ ఎక్కే పోటీల్లోనూ నెగ్గుకు రావాలి. ష్లెసర్‌కు తోడుగా హెన్రీ ఒరెయె కూర్చున్నాడు. 1948 శీతాకాల ఒలింపిక్స్‌లో మంచు మీద స్కీయింగ్‌లో రెండు స్వర్ణాలు గెలిచిన మనిషి. ఇద్దరూ కలిసి మొత్తం మీద రెండో స్థానంలో నిలిచారు. ఆ వెంటనే, అక్టోబరు 7న, పారిస్ దగ్గరి మాంట్లెరీ ట్రాకులో ఒరెయె ఇదే కారు నడుపుతూ ప్రమాదంలో చనిపోయాడు. అప్పటికి ఆయన వయసు 36.

కారును మారనెల్లోలోని ఫెరారీ కార్ఖానాలో బాగు చేశారు. 1963లో పావొలో కొలంబో దాన్ని కొని ఇటలీ కొండ దారుల్లో పోటీలకు తిప్పాడు. 1964లో ఎర్నెస్టో ప్రినోత్ చేతికి వచ్చింది. స్కీయింగ్ వాలుల మీద మంచు చదును చేసే యంత్రాలకు పేరుపడ్డ సంస్థ ఆయనదే. మంచు మీద గెలిచినవాడి ప్రాణం తీసిన కారు, మంచును చదును చేసేవాడి చేతికి వెళ్లిందన్నమాట. కథల్లో రాస్తే అతికించినట్టుంది అంటాం.

1965లో ఫాబ్రిజియో వియొలాతి కొన్నాడు. అప్పుడాయన ఇచ్చింది 4,000 డాలర్లకు అటూఇటూ. ఇంట్లో ఇంకా ఇలాంటి ప్రమాదకరమైన సరదాలేమిటని అంటారని అమ్మానాన్నలకు తెలియకుండా దాచి, రాత్రిపూట మాత్రమే బయటకు తీసేవాడినని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. 2010లో చనిపోయేదాకా, అంటే 45 ఏళ్లు, కారు ఆయన దగ్గరే ఉంది. మధ్యలో పాత కార్ల రేసుల్లో తనే నడిపాడు, శాన్ మరీనోలో తన సేకరణ మధ్య నిలబెట్టి జనానికి చూపించాడు.

3413 దారి వేరు. ఇది తయారైన జీటీఓల్లో మూడోది. 1962లో సిసిలీ ద్వీపంలోని టార్గా ఫ్లోరియో రేసుకు ముందు ఫెరారీ డ్రైవర్ ఫిల్ హిల్ దీన్ని పరీక్షించాడు. తర్వాత కొన్న ఎదోఆర్దో లువాల్ది గబార్ది ఆ ఏడాది పది పోటీలకు వెళ్లి, ఒక్కటి తప్ప అన్నిట్లో తన తరగతిలో మొదటివాడై ఇటలీ జాతీయ జీటీ (గ్రాండ్ టూరింగ్ కార్ల) ఛాంపియన్ అయ్యాడు. పోటీల్లో ఎక్కువ కొండ ఎక్కేవే. గడియారంతో పందెం, కొన్ని నిమిషాల పని, పొరపాటు చేస్తే పక్కన లోయ.

1963లో నగల వ్యాపార కుటుంబానికి చెందిన జాన్ని బుల్గారి కొని సిసిలీకి తీసుకెళ్లాడు. అక్కడి టార్గా ఫ్లోరియో మామూలు రేసు కాదు. పల్లెల మధ్య నుంచి పోయే 72 కిలోమీటర్ల కొండ దారిని పది చుట్లు చుట్టాల్సి ఉండేది. బుల్గారి తన తరగతిలో గెలిచాడు. మరుసటి ఏడాది అదే కారు, అదే రేసు, అదే ఫలితం. ఈసారి యజమాని కొర్రాదో ఫెర్లాయినో. ఫుట్‌బాల్ అభిమానులకు ఈ పేరు తెలిసే ఉంటుంది. తర్వాత నాపొలి క్లబ్బు అధ్యక్షుడై, 1984లో మరడోనాను ఆ నగరానికి తెచ్చింది ఈయనే.

ఈ మధ్యలో ఒక మార్పు జరిగింది. 1964లో 3413కు పాత బాడీ తీసేసి, కొత్త తరహా బాడీ తొడిగారు. వెడల్పుగా, కిందికి ఒదిగినట్టుండే ఈ రూపం కొత్తగా తయారైన మూడు కార్లకు, పాతవాటిలో నాలుగింటికి మాత్రమే ఉంది. ఆ పని ఫెరారీకి బాడీలు చేసే స్కాలియెత్తి కార్ఖానాలోనే, ఆ కాలంలోనే జరిగింది కాబట్టి ఎవరూ తప్పు పట్టరు. పైగా దాన్ని గొప్పగా చెప్పుకుంటారు.

నా పేచీ ఇక్కడే. ప్రమాదం జరిగిన కారు అనగానే కొనేవాళ్లు పెదవి విరుస్తారు. 3851ను బాగు చేసింది కూడా ఫెరారీయే, ఆ కాలంలోనే. 1962 నాటి రూపం ఇప్పటికీ దాని ఒంటి మీదే ఉంది. 3413కు పెద్ద ప్రమాదం ఎప్పుడూ జరగలేదని, ఇంజను, గేరుబాక్సు మొదటివేనని వేలం సంస్థ చెప్పింది. మంచిదే. కానీ లువాల్ది గెలిచిన పందేల్లో జనం చూసిన రూపం ఇప్పుడు లేదు. దెబ్బ తగిలి కుట్లు పడ్డవాడికి మచ్చ అంటాం, ముఖమే మార్చుకున్నవాడికి మచ్చ లేదంటామా? ఆ అల్యూమినియం రేకులను పనివాళ్లు సుత్తితో చేత్తో కొట్టి వంచారు. అందుకే ఏ రెండు జీటీఓల ఒంపులూ సరిగ్గా ఒకేలా ఉండవు. అలాంటి రేకును మార్చడం పేపరు మీద కనిపించేంత చిన్న సంగతి కాదు.

ప్రాణం పోయిన కారు అశుభం అనుకునేవాళ్లతో నేను వాదించను. అది వేరే లెక్క.

ఇక 4153. కాగితాల పరంగా మూడింటిలో ఇది ఆణిముత్యం. 1963 ల మాన్ 24 గంటల రేసులో పియెర్ ద్యుమే, లెయాన్ దెర్నియె నాలుగో స్థానంలో నిలిచారు. దెర్నియె తన పొడి అక్షరాలనే పేరుగా మలిచి ‘ఎల్డే’ అని రేసులకు వెళ్లేవాడు. 1964లో లూసియెన్ బియాంకి, జార్జ్ బెర్జె ఇదే కారుతో టూర్ ద ఫ్రాన్స్ గెలిచారు. అంటే 3851 రెండో స్థానంతో ఆగిన పోటీలో ఇది మొదటిది. పైగా ప్రమాదం ఎరుగని కారని పేరు. 2018లో వేలానికి రాకుండానే సుమారు 7 కోట్ల డాలర్లకు చేతులు మారిందని వార్తలొచ్చాయి. అప్పటి మారకంలో దాదాపు 470 కోట్ల రూపాయలు.

వేలాల లెక్కలు ఇవీ. 2014 ఆగస్టులో 3851 కాలిఫోర్నియాలో 3.81 కోట్ల డాలర్లు పలికింది, రమారమి 230 కోట్ల రూపాయలు. అప్పటికి వేలంలో ఏ కారుకూ అంత ధర రాలేదు. 2018 ఆగస్టులో 3413 ఆ రికార్డును 4.84 కోట్ల డాలర్లతో చెరిపేసింది. కోటి డాలర్ల పైచిలుకు తేడా కనిపిస్తోంది కదా అని 3413 అంత మేలైనదనుకోకండి. మధ్యలో నాలుగేళ్లు గడిచాయి, అదొకటి. 3851ను కనీస ధర పెట్టకుండానే వేలం వేశారు, అది ఇంకొకటి.

ధర కన్నా నేను ఎక్కువగా చూసేది ఇంకొకటుంది. కారుకు విలువ లేనప్పుడు దాన్ని ఎవరు ఉంచుకున్నారు? 1960ల చివరికి జీటీఓ అంటే కాలం చెల్లిన రేసు కారు. 3589 నంబరు కారును యజమాని టెక్సాస్‌లో ఒక హైస్కూలుకు ఇచ్చేశాడు, పిల్లలు మెకానిక్ పని నేర్చుకోవడానికి. 1972లో అది అమ్ముడైంది 6,500 డాలర్లకు. అలాంటి రోజుల్లో వియొలాతి తన కారును వదల్లేదు. ధరలు ఆకాశానికి ఎగబాకినప్పుడూ వదల్లేదు. రెండో దానికి సంకల్పం కావాలి, మొదటిదానికి ప్రేమ కావాలి. 3413, 4153 యజమానుల వరుసలో పెద్ద పేర్లున్నాయి, గెలుపులున్నాయి. ఇంత సుదీర్ఘంగా ఒకే మనిషి తోడు మాత్రం లేదు.

3413కు ఒక న్యాయం చేయాలి. 2000లో దాన్ని కొన్న గ్రెగ్ విటెన్, మైక్రోసాఫ్ట్ తొలితరం ఉద్యోగి, దాన్ని గాజు పెట్టెలో పెట్టలేదు. పాత కార్ల రేసుల్లో తిప్పుతూనే ఉన్నాడు. అమ్మేనాటికి ఆ కారు కాళ్లు చచ్చిపోలేదు.

కాబట్టి డబ్బు భద్రంగా ఉండాలనుకునేవారు 4153 వైపు చూడాలి. దాని కాగితాల్లో వంక పెట్టడానికి ఏమీ దొరకదు. టార్గా ఫ్లోరియో పిచ్చి ఉన్నవారికి 3413ను మించింది లేదు. నా ఓటు మాత్రం 3851కే. తాళాలు నా చేతికొస్తే మొదటి వారం రోజులూ ఎవరికీ చెప్పకుండా రాత్రిపూటే బయటకు తీస్తాను.