చక్రవర్తి కోట చుట్టూ అప్రదక్షిణం: టోక్యో రన్నర్ స్టేషన్‌లో నా మూడు వారాలు

డిసెంబరులో మూడు వారాలు టోక్యో వెళ్లాలని ఆఫీసులో చెప్పగానే, వీసా కాగితాల కంటే ముందు నా ట్రైనింగ్ షీటు తెరిచాను. జనవరి మూడో ఆదివారం ముంబై మారథాన్. ఆ మూడు వారాల్లోనే 26 కిలోమీటర్లది ఒకటి, 30ది ఒకటి, రెండు లాంగ్ రన్‌లు ఉన్నాయి. "మూడు వారాలేగా అక్కా, వచ్చాక చూసుకోవచ్చు" అంది మా గ్రూపులో అమ్మాయి. వచ్చాక మిగిలేది టేపరింగ్, అంటే పోటీ ముందు పరుగు తగ్గించుకుంటూ పోవడం తప్ప ఇంకేముంది!

విశాఖలో అయితే తెల్లవారుజామున 4:30కి లేచి బీచ్ రోడ్డు ఎక్కేస్తాను. టోక్యో గడియారం మనకంటే మూడున్నర గంటలు ముందుంటుంది. అక్కడ పొద్దున్న ఐదంటే నా ఒంటికి అర్ధరాత్రి ఒకటిన్నర. రెండు రోజులు అలారం పెట్టడం, ఆపడం, మళ్లీ ముసుగు తన్నడం. మూడో రోజుకి వెలిగింది. అక్కడ రాత్రి ఏడున్నర అంటే మనకు సాయంత్రం నాలుగు. ఒళ్లు చురుగ్గానే ఉంటుంది, అప్పుడే పరుగెత్తొచ్చు కదా! చిక్కల్లా ఆఫీసు ఓతెమాచిలో, హోటల్ ఓత్సుకాలో ఉండటం. హోటల్‌కి పోయానంటే మళ్లీ బయటికి రాను, ఆ సంగతి నాకు తెలుసు. పైగా ఆ గదిలో మంచం ఒక్కటే ఉంటుంది, అది పిలుస్తూనే ఉంటుంది.

నా బాధ చూసి ఆఫీసులో ఒకావిడ రన్నర్ స్టేషన్ల గురించి చెప్పింది. చక్రవర్తి నివాసం చుట్టూ సుమారు ఐదు కిలోమీటర్ల బాట ఉంది. ఒక్క ట్రాఫిక్ సిగ్నల్ కూడా అడ్డు రాదు. ఆఫీసులు వదిలాక జనం అక్కడికే వచ్చి పరుగెత్తుతారు. వాళ్ల కోసం ఆ చుట్టుపక్కల లాకరు, షవరు అద్దెకిచ్చే చోట్లు వెలిశాయి. నేను వెళ్లింది తకెబాషి వైపున్న ఒకదానికి. ఇలాంటివి ఇంకా ఉన్నాయి, పద్ధతి కాస్త అటూ ఇటూగా ఒకటే కాబట్టి పేరుతో పెద్ద పని లేదు.

గుమ్మం దగ్గరే బూట్లు విప్పాలి. ఇది మనకి కొత్త కాదు. ఆ తర్వాత టికెట్ల యంత్రం. మొదటి రోజు దాని ముందు, కొత్త కోడలు వంటింట్లో నిలబడ్డట్టు నిలబడ్డాను. కౌంటర్‌లో ఉన్న పెద్దావిడ బయటికొచ్చి, నా చేతిలో డబ్బులు చూసి, బటన్ నొక్కి, లాకరు తాళంచెవి ఇచ్చి, గోడ మీది బొమ్మలు చూపించింది. షవరు ఇటు, బట్టలు మార్చుకునేది అటు. తువ్వాలు అద్దెతో కలిపి వెయ్యి యెన్‌లు దాటింది, అంటే మన డబ్బుల్లో ఆరు వందల పైచిలుకు. బూట్లు కూడా అద్దెకిస్తారు. వేరేవాళ్లు తొక్కిన బూటుతో లాంగ్ రన్ చేసే ధైర్యం నాకైతే లేదు.

బయటికి రాగానే మొదటి తప్పు చేశాను. కోటను కుడిచేతి వైపు ఉంచుకుని మొదలుపెట్టాను, గుళ్లో ప్రదక్షిణం చేసినట్టు. ఎదురుగా ఒకరి వెనక ఒకరు నా మీదికే వస్తున్నారు. ఎవరూ ఏమీ అనలేదు, పక్కకి తప్పుకుని పోతున్నారు. కిలోమీటరు దాటాక గానీ అర్థం కాలేదు, అక్కడ అందరూ అపసవ్యంగానే పరుగెత్తుతారని. కోట ఎడమచేతి వైపు ఉండాలి. వెనక్కి తిరిగాను. మూడు వారాలూ అప్రదక్షిణాలే చేశాను, పుణ్యం సంగతి ఆ దేవుడికే ఎరుక.

బాట సంగతికొస్తే, తకెబాషి దగ్గర మొదలయ్యే ఎత్తు కోట పడమటి ద్వారం హన్‌జోమోన్ దాకా వదలదు. మొత్తం ఎక్కేది 20 మీటర్ల చిల్లరే, కైలాసగిరి ముందు అదెంత? కానీ లాంగ్ రన్‌లో ఆరోసారి ఎక్కేటప్పుడు ఆ లెక్కలు పనిచెయ్యవు. ముంబైలో చివరి కిలోమీటర్లలో పెద్దర్ రోడ్డు ఎత్తు కాళ్లు విరగ్గొడుతుందని తెలిసినవాళ్లకి ఇది దొరికిన వరమే. హన్‌జోమోన్ దాటాక అంతా దిగుడు. ఎడమ పక్కన కందకంలో నల్లటి నీళ్లు, వాటి మీద ఆఫీసు భవనాల దీపాలు. అక్కడ నేను వాచ్ చూడటం మానేసేదాన్ని. ఓతెమాచి వైపు ఎలాగూ దాన్ని నమ్మలేం. ఎత్తైన భవనాల మధ్య జీపీఎస్ తికమకపడి, కిలోమీటరుకి ఏడు నిమిషాల పేస్‌లో పోతున్న నాకు నాలుగున్నర చూపించింది. దానికి బదులు నేలలో దాదాపు ప్రతి 100 మీటర్లకూ ఒక పలక ఉంటుంది, జపాన్‌లోని 47 ప్రిఫెక్చర్లకూ, అంటే మన రాష్ట్రాల్లాంటి వాటికి, ఒక్కో పువ్వు బొమ్మతో. నాలుగు పూలు వేగంగా, రెండు పూలు మెల్లగా. నా ఇంటర్వెల్స్ అన్నీ పూల లెక్కలోనే జరిగాయి.

ఇంకో మాట, ఇది ఆడవాళ్ల కోసం. రాత్రి తొమ్మిదింటికి ఒంటరిగా పరుగెత్తాను. దారి పొడుగునా పోలీసులు నిలబడి ఉంటారు, కుక్కలు లేవు. మా ఊళ్లో చీకట్లో వెళితే చేతిలో చిన్న కర్ర ఉంటుంది. ఇక్కడ ఆ చేతిలో ఏం పెట్టుకోవాలో కొన్నాళ్లు తోచలేదు.

ఇక నా ఫిర్యాదు. 30 కిలోమీటర్ల రోజు శనివారం పొద్దున్న పెట్టుకున్నాను, అప్పటికి ఒళ్లు అక్కడి టైముకి అలవాటుపడింది. ఆరు చుట్లు, మూడున్నర గంటలు. చేతిలో సుయికా అనే ప్రీపెయిడ్ కార్డు, దాంతో వెండింగ్ మెషిన్‌లో పొకారి స్వెట్ అనే స్పోర్ట్స్ డ్రింకు. జేబులో ఉమెబోషి, అంటే ఉప్పులో ఊరేసి ఎండబెట్టిన పుల్లటి పండు. మూడో చుట్టులో ఒకటి నోట్లో వేసుకుంటే ఊరేసిన ఉసిరికాయ కొరికినట్టు కళ్లు మూసుకుపోయాయి. పరుగులో శక్తి కోసం మింగే తియ్యటి జెల్స్‌తో మొహం మొత్తిన నాకు ప్రాణం లేచొచ్చింది. గింజ మాత్రం జాగ్రత్త. అంతా బాగానే ముగించి, కుంటుకుంటూ లోపలికొస్తే, లాకరు రుసుము రెండు గంటలకేనట! ఆపైన గంట గంటకీ అదనం. ఇంగ్లిష్ బోర్డులో ఆ ముక్క లేదు, జపనీస్ బోర్డులో ఉంది. డబ్బు పెద్దది కాదు గానీ, మారథాన్‌కి సిద్ధమయ్యేవాళ్లు వచ్చే చోట రెండు గంటల లెక్క ఏమిటో! ఆ పెద్దావిడ వంగి వంగి క్షమాపణ చెబుతుంటే గొడవ పెట్టుకోవడానికి నోరు రాలేదు.

ఆ కోపంలోనే తర్వాతి వారం హన్‌జోమోన్ దగ్గరున్న సెంతోకి వెళ్లాను. సెంతో అంటే పేటలో అందరూ స్నానం చేసే చోటు. రన్నర్లు లాకర్‌లో బట్టలు పెట్టి పరుగెత్తి రావడానికి అక్కడా ఒప్పుకుంటారు. నేను వెళ్లినప్పుడు 550 యెన్‌లు. కానీ ఒంటి మీద నూలుపోగు లేకుండా, పాతిక మంది ఆడవాళ్ల మధ్య! గుమ్మంలో నుంచే వెనక్కి పోదామనుకున్నాను. పిక్కలు ఒప్పుకోలేదు. లోపల పొట్టి పీట మీద కూర్చుని, బేసిన్‌తో నీళ్లు పోసుకుని, ఒళ్లు రుద్దుకున్నాకే తొట్టెలో దిగాలి. ఆ పీటా ఆ ముంచి పోసుకోవడం అచ్చం మా అమ్మమ్మగారి పెరటి స్నానమే. తలెత్తి చూస్తే నా వైపు చూస్తున్నవాళ్లు ఎవరూ లేరు. ఆ మరిగే నీళ్లలో పది నిమిషాలు కూర్చుంటే, మర్నాడు మెట్రో మెట్లు పక్కకి తిరక్కుండా దిగాను. చేపల పులుసు కాచినట్టు తొట్టెలోంచి ఆవిర్లు లేస్తుంటాయి, తల తిరిగేలోపే బయటికి వచ్చెయ్యండి.

అయినా మామూలు రోజుల్లో రన్నర్ స్టేషనే నయం. విడివిడి షవర్లు, షాంపూ, సబ్బు వాళ్లవే, నేల మీద ఒక్క వెంట్రుక కనిపించదు. లాంగ్ రన్ ఉన్న రోజు సెంతోకే ఓటు. రన్నర్ స్టేషన్‌కి ఐదుకి నాలుగు ఇస్తాను, ఆ ఒక్కటీ రెండు గంటల లెక్కకి కోత.

వెళ్లేవాళ్లకి రెండు విషయాలు. మూసే టైముకి గంట ముందే లోపలికి రానివ్వడం ఆపేస్తారు, ఆఫీసులో మీటింగ్ సాగితే అంతే సంగతులు, నేను ఒక రోజు అలాగే పోగొట్టుకున్నాను. రెండోది, అద్దె తువ్వాలు మన తుండుగుడ్డలో సగం ఉంటుంది. నాలాగా నడుం దాకా జడ ఉన్నవాళ్లు ఇంటి దగ్గర్నుంచే ఒకటి తెచ్చుకోండి. హెయిర్ డ్రయ్యర్లు మూడే ఉన్నాయి, నా వెనక ఎప్పుడూ ఇద్దరు నిలబడే ఉండేవారు.